మోస్తరు దారి

మా తమ్ముడు పద్దెనిమిదేళ్ళ పాటు జనాన్ని జలపాతం దగ్గరికి మోసుకెళ్ళాడు. తను మాత్రం దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. చెబితే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి, నేనేం చెయ్యను!

వాడు సిటీ బస్సు డ్రైవరు. ఊరి నడిబొడ్డు నుంచి అడవి అంచు దాకా వెళ్ళే బస్సు వాడిది. ఆఖరి స్టాపులో అటవీ శాఖ వాళ్ళు పాతిన ఆకుపచ్చ బోర్డు ఒకటుంది. "జలపాతానికి దారి. రానూపోనూ పదకొండు కిలోమీటర్లు. మోస్తరు నడక." అక్కడ బస్సు పన్నెండు నిమిషాలు ఆగుతుంది. పొద్దుటి ట్రిప్పులో జనం సంచులు తగిలించుకుని దిగుతారు. సాయంత్రం ట్రిప్పులో వాళ్ళే తడి జుట్టుతో, బురద బూట్లతో, ఏదో సాధించుకొచ్చిన మొహాలతో ఎక్కుతారు. ఆ పన్నెండు నిమిషాల్లో వీడు టైర్లు తట్టి చూసుకుని, ఒక టీ తాగి, మళ్ళీ సీట్లో కూర్చునేవాడు. డిపోలో వాడికి గడియారం అని పేరు. పద్దెనిమిదేళ్ళలో ఒక్క నిమిషం ఆలస్యంగా బస్సు తీసిన పాపాన పోలేదు మహానుభావుడు.

"సెలవు రోజు వెళ్ళి చూసి రావచ్చు కదరా" అని నేనెన్నిసార్లు పోరానో.

"సెలవు రోజు కూడా ఆ రూటేనా అక్కా? నాకేమైనా పిచ్చా?" అనేవాడు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో డిపోలో డాక్టరు పరీక్షలు పెట్టారు. వీణ్ణి బస్సు దింపి పెద్దాసుపత్రికి పంపారు. ఒక్కడే వెళ్ళాడు. నేనొస్తానంటే వద్దన్నాడు, పెళ్ళాం వస్తానంటే పనికి పొమ్మన్నాడు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, నా బూట్ల కొట్టులో కస్టమర్లు కూర్చునే బల్ల మీద కూలబడి నవ్వాడు.

"గుండె కొంచెం బలహీనపడిందట అక్కా. బస్సు నడపకూడదట."

నా చేతిలో ఉన్న తోలు కుట్టే ఆరె వేలికి గుచ్చుకుంది.

"కంగారు పడకు. మరీ ఎక్కువా కాదు, తక్కువా కాదు, మోస్తరుగా ఉందంది డాక్టరమ్మ. నా గుండే మోస్తరే, ఆ దారీ మోస్తరే. ఇద్దరికీ జోడీ కుదిరింది. ఈ సీజన్లో జలపాతం చూసొచ్చేద్దాం."

"నడవొద్దని చెప్పలేదా ఆవిడ?"

"నడవమంది. మెల్లగా నడవమంది."

అది నిజమే. ఆవిడ చెప్పిన వాటిలో తనకి నచ్చిందొక్కటే వాడు ఇంటికి తెచ్చాడని నాకు తర్వాత తెలిసింది.

నేను బూట్లు కుడతాను. నాన్న పోయాక ఆ కొట్టు నా చేతికొచ్చింది. ముందు గది కొట్టు, వెనక గది నాది, పై గది తమ్ముడిది, మరదలిది. నాన్న నాకు పని నేర్పేటప్పుడు రెండే రెండు సంగతులు పట్టుబట్టి చెప్పాడు. ఒకటి, కాలి కొలత సాయంత్రమే తియ్యాలి, పొద్దున తీసిన కొలతకి కుడితే సాయంత్రానికి కరుస్తుంది. రెండోది, కస్టమరు కరుస్తోందని వస్తే కాలితో వాదించకూడదు, నోరు మూసుకుని బూటు సరిచెయ్యాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆ రెండూ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. ఆ రెండో మాటే నా కొంప ముంచింది.

అదే రోజు సాయంత్రం వాణ్ణి గోధుమ రంగు కాగితం మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలు తిప్పాను. ఆరో నంబరు కాలు. మా ఇంట్లో అందరివీ చిన్న కాళ్ళే. గీత పక్కన తేదీ వేశాను.

"పద్దెనిమిదేళ్ళు బ్రేకు తొక్కిన కాలురా ఇది. కుడికాలి బొటనవేలు చూడు, ఎలా పక్కకి తిరిగిందో."

"దాని ఉద్యోగం కూడా పోయింది పాపం" అన్నాడు వాడు, బొటనవేలు ఆడిస్తూ.

చీలమండ పైదాకా వచ్చే బూట్లు, మందమైన అట్ట, నీళ్ళలో జారని అడుగు. నా చేతుల మీదుగా అంత మంచి జత అంతకు ముందు రాలేదు. సొంత తమ్ముడికి కుడుతున్నాను మరి, ఆ మాత్రం గర్వం ఉండదా!

ఆదివారం పొద్దున్న నలుగురం మా వంటింట్లో కూర్చున్నాం. నేను, తమ్ముడు, మరదలు, విజిలు. విజిలంటే వీడి బస్సు కండక్టరు. పన్నెండేళ్ళుగా వీడి వెనక నిలబడి విజిలు ఊదినవాడు, నోట్లో విజిలు లేకపోతే మాట ఆగనివాడు. మరదలు బేకరీలో పని చేస్తుంది. తెల్లారకముందే వెళ్ళిపోతుంది, మధ్యాహ్నం ఒళ్ళంతా పిండి వాసనతో వస్తుంది. ఆదివారం ఒక్కటే మొగుడి మొహం పగటి వెలుతురులో తీరిగ్గా చూసేది.

తమ్ముడు పాత ట్రిప్పు షీటు వెనక్కి తిప్పి గళ్ళు గీశాడు. దారి వాడికి కంఠతా వచ్చు. పద్దెనిమిదేళ్ళు ఎక్కే దిగే జనం మాటలు విని విని, చూడని దారిని అరచేతిలో గీతల్లా తెలుసుకున్నాడు.

"ఐదు నలభై, ఫస్టు బస్సు. ఏడింటికి ఆఖరి స్టాపు. ఏడూ ఇరవై, చెక్క వంతెన, మూడు నిమిషాలు హాల్టు. ఎనిమిదీ పది, బల్లపరుపు బండ, పదిహేను నిమిషాలు, టిఫిను. తొమ్మిదింటికి ఇనుప మెట్లు. అక్కడే కొంచెం ఎక్కుడు. తొమ్మిదిన్నర, జలపాతం."

"టిఫినుకి ఏం పట్టుకెళ్దాం?" అంది మరదలు. "రొట్టెలు నేను తెస్తాను. గుడ్లు ఉడకబెడతాను. మీకు మాత్రం ఉప్పు లేకుండా."

"ఉప్పు లేని గుడ్డు తినడానికి అడవి దాకా ఎందుకే, ఇంట్లోనే ఏడుస్తూ తినొచ్చు."

"ఒరే, నోటికొచ్చినట్టు మాట్లాడకు" అని కసిరాను నేను.

విజిలు కాగితం మీదికి వంగి చూశాడు. చూసి పగలబడి నవ్వాడు. "అక్కా, ఇది చూశావా? జలపాతం దగ్గర హాల్టు ఎంత రాశాడో చూడు!"

చూశాను. పన్నెండు నిమిషాలు.

"ఓరి నీ బుద్ధి తగలెయ్య! అంత దూరం నడిచి, పన్నెండు నిమిషాలు చూసి వెనక్కొచ్చేస్తావా?"

వాడు నాలుక కరుచుకున్నాడు. అలవాటు కొద్దీ చెయ్యి అలా రాసేసింది. పన్నెండు కొట్టేసి, కాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించి, పక్కన 'చాలినంత సేపు' అని రాశాడు. రాసి ఆ మాట కేసి అలా చూస్తూ ఉండిపోయాడు. ఆ కాగితం వంటింటి గోడకి అతికించింది మరదలు.

వానలు పూర్తిగా ఆగితే గానీ అడవి దారి తెరవరు. దారి తెరిచాక నీళ్ళు పదివారాలు ఉంటాయి, ఎండలు ముదిరితే బండ మీద చెమ్మే మిగులుతుంది. మేం పెట్టుకున్న రోజు ఏడో ఆదివారం. ఆ లోపు వీడికి నడక అలవాటు కావాలి. నీళ్ళ సంగతి చెప్పే పూచీ విజిలుది. వాడి లెక్క వాడిది. సాయంత్రం ట్రిప్పులో ఎక్కేవాళ్ళ జుట్టు చూసి చెప్పేవాడు. "ఇవాళ కారుతున్నాయి అన్నా జుట్లు, సీట్లన్నీ తడి" అనో, "ఇవాళ కొంచెం చెమ్మగా ఉన్నాయి" అనో డ్యూటీ దిగి ఇంటికెళ్తూ కొట్టు ముందు ఆగి కేకేసి పోయేవాడు.

బూట్లు రెండో వారానికి తయారయ్యాయి. వేసుకుని కొట్టులో అటూ ఇటూ నడిచాడు. అతికినట్టు సరిపోయాయి. మా వీధి చివర నీళ్ళ టాంకు ఉంది. అక్కడికి వెళ్ళి రావడం రోజూ రిహార్సలు. మొదటి రోజు పద్దెనిమిది నిమిషాలు పట్టింది. గోడ మీద కాగితంలో ఒక మూల రాసుకున్నాడు.

వారం తిరగకముందే కొట్టులోకి వచ్చి బల్ల మీద కూర్చుని లేసులు విప్పాడు.

"కరుస్తున్నాయి అక్కా. పాదం పైన, మెట్టు దగ్గర."

"ఎక్కడా కరవడానికి వీల్లేదే! సాయంత్రం కొలతేగా తీశాను." నాకు రోషం వచ్చింది. అయినా కాలితో వాదించకూడదు కదా. కాగితం తెచ్చి మళ్ళీ గీశాను. పాత గీత మీద పెడితే రెండు పక్కలా సన్నటి తేడా కనిపించింది. నడక అలవాటు లేని కాలు, నాలుగు రోజులు నడిచేసరికి కాస్త విచ్చుకుంది అనుకున్నాను. చెక్క అచ్చుకి రెండు తోలు ముక్కలు అంటించి లావు చేసి, బూటు తడిపి దాని మీద ఎక్కించాను. మర్నాటికి సాగింది. వాడు వేసుకుని, "ఇప్పుడు పర్ఫెక్టు" అన్నాడు. టాంకు దాకా వెళ్ళొచ్చాడు. ఇరవై రెండు నిమిషాలు.

ఇంకో ఐదు రోజులకి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ గీశాను. మళ్ళీ సాగదీశాను.

మూడోసారి ఇంక తోలు సాగనని మొండికేసింది. పక్క కుట్టు విప్పి, రెండు వైపులా వేలెడు వెడల్పు తోలు పట్టీ వేసి కుట్టాను. అందంగానే కుదిరింది. ఆ పట్టీలు మొదటి నుంచీ అలాగే ఉన్నాయన్నంత శుభ్రంగా కుట్టానని మురిసిపోయాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా చేతులు నేనే విరిచేసుకోవాలనిపిస్తుంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మరదలు బేకరీ నుంచి వస్తూ కొట్టులో ఆగింది.

"వదినా, ఆయన కాళ్ళు చూశారా? సాక్సు విప్పితే దాని గీత గంటసేపు పోవడం లేదు. పడుకునేటప్పుడు కూడా విప్పనంటున్నారు, చలేస్తోందట."

"నడక అలవాటు లేని కాళ్ళు కదే. సర్దుకుంటాయిలే."

ఆ పిల్ల, "సరేలెండి, కాళ్ళ సంగతి మీకు తెలియనిదేముంది" అని పైకి వెళ్ళిపోయింది. ఆ మాట ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే నమ్మి అంది.

ఐదో ఆదివారం దాటింది. టాంకు దాకా ముప్ఫై ఒక్క నిమిషాలు. దారిలో కరెంటు స్తంభం దగ్గర ఆగుతున్నాడని, పాల డిపో అరుగు మీద కూర్చుంటున్నాడని వీధిలో వాళ్ళు చెబుతున్నారు. అడిగితే, "హాల్టులు ప్రాక్టీసు చేస్తున్నా" అని జోకు. పై గదికి పదహారు మెట్లు. ఎనిమిదో మెట్టు మీద నిలబడి గోడ మీద క్యాలెండరు చదువుతున్నట్టు నటిస్తాడు. అది అంతకు ముందు ఏడాది క్యాలెండరు.

ఒక రోజు పొద్దున్నే, నేను కొట్టు తలుపులు తీస్తుండగానే వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, పట్టీలు ఇంకొంచెం వదులు చెయ్యాలి."

"సాయంత్రం రారా. పొద్దున కొలత తియ్యను."

"ఇప్పుడే చూడు. సాయంత్రం విజిలొస్తాడు."

సాక్సు తీశాను. టేపు పెట్టాను. కిందటి సాయంత్రం కొలతకీ దీనికీ తేడా లేదు. ఇంకా ఎక్కువే ఉంది. రాత్రంతా పడుకుని లేచిన కాలు అలా ఉండకూడదు. అది నాకు పదిహేనేళ్ళ వయసు నుంచీ తెలుసు. బూటు ముందు భాగంలో చోటుందో లేదో చూడటానికి బొటనవేలితో నొక్కి చూస్తాం మేం. అలవాటుగా వాడి చీలమండ మీద వేలు పెట్టి నొక్కాను. తీశాను. గుంట అలాగే ఉంది. తడి తోలు మీద నొక్కితే పడినట్టు, నా వేలి గుర్తు అక్కడే ఉంది, ఎంతకీ నిండదు.

వాడు నా మొహం చూడలేదు. వీధిలోకి చూస్తున్నాడు.

"ఇంకెన్ని రోజులుంది?" అన్నాడు.

"పదకొండు."

"నీళ్ళు ఉంటాయంటావా?"

"విజిలు చెప్పాడుగా, ఇంకా కారుతున్నాయట జుట్లు."

నేను సాక్సు మెల్లగా పైకి లాగాను. గుంట కనపడకుండా పోయింది. "ఇంకో వేలెడు పట్టీ వేస్తాలే. ఎల్లుండికి ఇస్తాను" అన్నాను.

అంతే జరిగింది. ఎవరూ కేకలు వెయ్యలేదు, ఎవరూ ఏడవలేదు. నేను ఆరె తీసుకుని కుట్టు విప్పడం మొదలుపెట్టాను.

ఏడో ఆదివారం తెల్లవారుజామున మరదలు గుడ్లు ఉడకబెట్టింది. రొట్టెలు గుడ్డలో చుట్టింది. ఐదింటికి తమ్ముడు కొట్టులోకి దిగి వచ్చాడు. పదహారు మెట్లకి ఎంత సేపు పట్టిందో నేను వెనక గదిలో నుంచి వింటూనే ఉన్నాను. ఇస్త్రీ చొక్కా, భుజాన సంచి, చేతికి గడియారం. బల్ల మీద కూర్చుని బూట్లు అందుకున్నాడు.

ఎక్కలేదు. రెండు సార్లు విప్పి సాగదీసి పట్టీ మీద పట్టీ వేసిన బూట్లు అవి. అందులో నా రెండు కాళ్ళూ ఒకేసారి పడతాయి. వాడి పాదం సగం దూరి ఆగిపోయింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని లేసులన్నీ పీకేసి, బూటు నాలుక బయటికి లాగి, మడమ వెనక బూటు తొడిగే రేకు పెట్టి తోశాను. "నొక్కరా, కొంచెం నొక్కు" అంటున్నాను. వాడు నొక్కుతున్నాడు. ఊపిరి ఈల వేస్తోంది.

"ఐదూ ఇరవై అయింది అక్కా" అన్నాడు. "బస్సు..."

ఆ తర్వాత మాట రాలేదు. పెదాలు నీలంగా మారాయి. మరదలు గుడ్ల గిన్నె కింద పడేసి వచ్చి పట్టుకుంది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్న మనిషి, కళ్ళ కింద నలుపు. రాసుకుంటూ అడిగింది.

"కాళ్ళ వాపు ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

మరదలు నా వైపు చూసింది. నేను చెప్పాను. "ముప్ఫై నాలుగు రోజుల నుంచి."

ఆవిడ పెన్ను ఆగింది. "రోజులు లెక్క పెట్టారా?"

"కొలతలు తీశానమ్మా. తేదీలు వేసి."

"కొలిచి ఏం చేశారు?"

"బూట్లు వదులు చేశాను."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కాళ్ళు వాచిన రోజే పరుగున రమ్మని ఆయనకి మరీ మరీ చెప్పానమ్మా. ఇంట్లో చెప్పలేదా?" అంది. "మొదట్లోనే వచ్చుంటే మందులు పెంచి ఆపగలిగేవాళ్ళం. ఇప్పుడు గుండె బాగా సాగిపోయింది. నీరు తీసేస్తాం. కానీ సాగింది మళ్ళీ వెనక్కి రాదు."

నాకు ఎవరూ వివరించక్కర్లేదు. తోలు కూడా అంతే.

వార్డులో నాలుగో రోజు వాడు కాస్త తేరుకున్నాడు. మరదలు మందుల కోసం కిందికి వెళ్ళింది. అడగకూడదని పళ్ళు బిగించుకుని కూర్చున్నాను గానీ నా నోరు ఊరుకుంటుందా!

"ఎందుకురా దాచావు?"

"చెబితే బూట్లు కుట్టేదానివా?"

"చంపేదాన్ని."

"అందుకే." నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక దుప్పటి అంచు మడత పెడుతూ, "నీకు తెలుసనుకున్నా అక్కా. తెలిసే పట్టీలు వేస్తున్నావనుకున్నా" అన్నాడు.

వాడి గొంతులో కోపం లేదు. తప్పు పట్టడం లేదు. నువ్వు నాకు తోడున్నావనుకున్నా అన్నట్టే అన్నాడు. తెలుసా అంటే తెలుసు. తెలియదా అంటే, తెలియకూడదని పంతం పట్టాను. వాడు ఒక్కసారి జన్మలో ఏదో కావాలన్నాడు, అది నా చేతి బూట్లతో జరగాలని నాకు ఆశ పుట్టింది. అంతే. దానికి ఇంకో పేరు పెట్టి ఏం లాభం.

మూడు వారాలకి ఇంటికి తెచ్చాం. నీరంతా తీసేశారు. కాళ్ళు కట్టెపుల్లల్లా మిగిలాయి. మంచం కొట్టు వెనక నా గదిలోకి మార్చాం, మెట్లెక్కే పని లేకుండా. నేను కొట్టులోనే చాప వేసుకునేదాన్ని. మరదలు నాతో మాట్లాడటం మానలేదు. "వదినా, భోజనం పెట్టనా", "వదినా, తలుపు వేశారా", అన్నీ మామూలే. ఒక్కటే తేడా. నన్ను ఏదీ అడగడం మానేసింది. వాడికి జ్వరంగా ఉందా, ఈ మాత్ర ముందా ఆ మాత్ర ముందా, దేనికీ నా సలహా అడగలేదు. ఆ పిల్ల వాడి కాళ్ళు తనే రోజూ పొద్దున్నే వేలితో నొక్కి చూసుకునేది, నా ముందే.

వంటింటి గోడ మీద కాగితం ఎవరూ తీయలేదు.

ఎండలు ముదిరాయి. విజిలు కొట్టు ముందు కేకలు మానేశాడు. ఒక రోజు వీడే పిలిచి అడిగాడు.

"జుట్లు ఎలా ఉన్నాయిరా?"

విజిలు నా వైపు చూశాడు. "పొడిగానే ఉన్నాయి అన్నా."

"పోనీలే. ఒకసారి ఆఖరి స్టాపు దాకా వెళ్ళొస్తా."

మరదలు డాక్టరమ్మని అడిగి వచ్చింది. కూర్చుని వెళ్ళి కూర్చుని రావడమే అయితే సరేనందిట. "మీరు తీసుకెళ్ళండి, నేను చూడలేను" అంది నాతో.

బూట్లు వేసుకుంటానని పట్టుబట్టాడు. వేస్తే కాలు లోపల లొడలొడలాడుతోంది. ముందు భాగంలో ఏదైనా కుక్కాలి. చేతికి అందిన గోధుమ రంగు కాగితాలు ఉండలు చేసి కుక్కాను. అవి వాడి కొలతల కాగితాలు. చూసుకునే కుక్కాను. ఇంక వాటితో పనేముంది.

బస్సులో ముందు సీట్లో కూర్చున్నాడు. కొత్త డ్రైవరు దణ్ణం పెట్టాడు. దారి పొడుగునా వీడి కుడికాలు ప్రతి మలుపులో లేని బ్రేకు తొక్కుతూనే ఉంది. ఏడింటికి ఆఖరి స్టాపు. విజిలూ నేనూ చెరో రెక్క పట్టుకుని దింపాం. బోర్డు దాకా ఇరవై అడుగులు. బోర్డు కింద సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టాం. వాడు వెనక్కి తిరిగి బోర్డు మీద అక్షరాలని చేత్తో తడిమాడు.

దారి అక్కడి నుంచి చెట్లలోకి పోతుంది. ఒక మలుపు దాకా కనపడుతుంది, అంతే. వాడు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను చెవులు రిక్కించి విన్నాను. వానాకాలం అయితే ఇక్కడికే హోరు వినిపిస్తుందని వాడే చెప్పేవాడు. అప్పుడు ఏమీ వినపడలేదు.

లోపలి నుంచి ఎవరో ఒకాయన కెమెరా మెడలో వేసుకుని నడుచుకుంటూ వచ్చాడు. రాత్రి అక్కడి గుడిసెలో పడుకున్నాడట. వీడు పలకరించాడు.

"నీళ్ళున్నాయాండీ?"

"ఎక్కడివండీ! ఉత్త బండ. మీరేమీ పోగొట్టుకోలేదు లెండి" అని ఆయన బస్సెక్కాడు.

విజిలు కళ్ళు తుడుచుకుని డ్రైవరు దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పి వచ్చాడు. "అన్నా, నువ్వు కావలసినంత సేపు కూర్చో. పావుగంట లేటయితే ఎవడేం పీకుతాడు? నేను చూసుకుంటా."

తమ్ముడు గడియారం చూసుకున్నాడు. దిమ్మ మీద చెయ్యి ఆనించి లేవబోయాడు.

"ఎక్కు అక్కా. పన్నెండు నిమిషాలైంది."

"కూర్చోరా!" అని అరిచాను. బస్సులో జనమంతా తిరిగి చూశారు. "నీ పన్నెండు నిమిషాలు తగలెయ్య! ఏం మునిగిపోయింది? చాలినంత సేపు అని రాశావు కదరా, కూర్చోరా!"

"అది జలపాతం దగ్గర" అన్నాడు, చిన్న పిల్లకి చెప్పినట్టు. "ఇది స్టాపు. కింద స్టాపుల్లో జనం ఎదురుచూస్తుంటారు."

విజిలు ఊదాడు. టైముకే బయలుదేరాం.

మళ్ళీ వానలు మొదలయ్యే లోపే మా తమ్ముడు పోయాడు. పొద్దున్న టీ తాగి, కప్పు నా చేతికిచ్చి పోయాడు. నెల తిరిగాక మరదలు బేకరీకి దగ్గరగా గది చూసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు వంటింటి గోడ మీద కాగితం జాగ్రత్తగా ఊడదీసి తన పెట్టెలో పెట్టుకుంది. బూట్లు మాత్రం తెచ్చి నా పని బల్ల మీద పెట్టింది.

వాటిని పారేయనూ లేను, లోపల దాచనూ లేను. అలమార మీద ఒక పక్కన ఉన్నాయి. మొన్న వానలు వెలిశాక ఒక పెద్దాయన వచ్చాడు, అడవిలో నడవడానికి గట్టి బూట్లు కావాలంటూ. కళ్ళు వాటి మీద పడ్డాయి. దించి చేతిలోకి తీసుకున్నాడు. పట్టీల మీద వేలు పోనిచ్చి, లోపలికి తొంగి చూసి నవ్వాడు.

"ఎవరివమ్మా ఇవి? మనిషి భారీగా ఉండుంటాడే!"

"లేదండీ. బక్క మనిషి. ఆరో నంబరు కాలు."

"మరి ఇంత వెడల్పు కుట్టారేం?"

"కొలత ప్రకారమే కుట్టానండీ" అన్నాను.